పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్రూమ్: ఏది పెట్టించాలి, ఏది వద్దు

అరవై ఐదు దాటిన అమ్మానాన్నలున్న ప్రతి ఇంట్లోనూ ఈ చర్చ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. సాధారణంగా పక్కింటి పెద్దాయన బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారని తెలిసిన మర్నాడు. కొడుకు ఆన్‌లైన్‌లో రబ్బరు మ్యాటు ఆర్డరు పెడతాడు. అమెరికాలో ఉన్న కూతురు గోడకి అతుక్కునే హ్యాండిలొకటి పంపిస్తుంది. అల్లుడు టైల్స్ మొత్తం పీకించేద్దాం అంటాడు. ముగ్గురిదీ మంచి మనసే. కానీ మ్యాటు సగమే పనిచేస్తుంది, అతుక్కునే హ్యాండిలు నమ్మదగ్గది కాదు, టైల్స్ పీకించే ఖర్చు చాలా ఇళ్లలో అవసరమే లేదు.

భయం మాత్రం అనవసరమైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రాణాంతకంగా పడేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. తుంటి విరిగినవాళ్లలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. కాబట్టి డబ్బు పెట్టాల్సిందే. ఏ వరసలో పెట్టాలన్నదే ప్రశ్న. నేనైతే ముందు వెలుతురుకి, తర్వాత నేల పొడిగా ఉంచడానికి, ఆ తర్వాత గోడకి స్క్రూలతో బిగించిన హ్యాండిల్స్‌కి, నాలుగోది కమోడ్ ఎత్తుకి పెడతాను. కాళ్ల బలం సంగతి వీటన్నిటికీ సమాంతరంగా మొదటిరోజు నుంచే నడవాలి, దానికి పైసా ఖర్చు లేదు.

మంచం నుంచి బాత్రూమ్ దాకా

పడేది బాత్రూమ్‌లోనే అనుకుంటాం గానీ, రాత్రి రెండింటికి నిద్రమత్తులో లేచి అక్కడికి వెళ్లే దారి కూడా అంతే ప్రమాదం. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల కంటికి చేరేదానిలో సుమారు మూడో వంతే. మనకి సరిపోయే జీరో బల్బు వాళ్లకి సరిపోదు.

ఇక్కడ మూడు దారులున్నాయి. రాత్రంతా బాత్రూమ్ లైటు వేసి తలుపు ఓరగా ఉంచడం ఒకటి. ఖర్చు లేదు గానీ ఎవరో ఒకరు కరెంటు బిల్లు గుర్తొచ్చి ఆర్పేస్తారు. తలగడ పక్కన టార్చి పెట్టుకోవడం రెండోది. దాంతో ఒక చెయ్యి టార్చికే పోతుంది, పట్టుకోడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. మూడోది, మనిషి కదలగానే వెలిగే సెన్సర్ లైటు. నా ఓటు దీనికే. బ్యాటరీ రకం కాకుండా ప్లగ్గులో పెట్టేది తీసుకోండి. బ్యాటరీ అయిపోయిన సంగతి ఆ రాత్రి చీకట్లోనే తెలుస్తుంది. ఒకటి మంచం దగ్గర, ఒకటి దారిలో, మోకాలి ఎత్తులో ఉంటే నేల బాగా కనబడుతుంది. ఇంకో మాట: మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను హాల్లో ఫ్యానుకీ పడకగది లైటుకీ ఇస్తారు, బాత్రూమ్ లైటుని వదిలేస్తారు. కరెంటు పోయినప్పుడు బాత్రూమ్‌లో స్విచ్ వేసి చూడండి. వెలక్కపోతే ఎలక్ట్రీషియన్‌కి అది చిన్న పని.

దారిలో తీసెయ్యాల్సిన వాటిలో మొదటిది పాత చీర మడిచి కుట్టిన కాళ్లపట్ట. బాత్రూమ్ గుమ్మం దగ్గర నున్నటి గ్రానైట్ మీద అది మడమ కింద జారుతుంది, లేదా అంచు వేలికి చుట్టుకుంటుంది. కింద రబ్బరున్న బరువైన పట్ట వెయ్యండి, లేదా అసలు వద్దు.

నేల: టైలా, మ్యాటా, వైపరా

కొత్త ఇల్లు కట్టుకుంటుంటే యాంటీ స్కిడ్ టైలే వెయ్యండి, అందులో ఆలోచించేదేం లేదు. కానీ డబ్బా మీద ఆ రెండు మాటలుంటే చాలదు. షాపులో ఆర్ రేటింగ్, అంటే టైలు జారకుండా ఎంత పట్టు ఇస్తుందో చెప్పే అంకె, అడగండి. ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా ఉంటుంది, తడి నేలకి ఆర్ 10 లేదా ఆర్ 11 చూడాలి. అయితే ఈ పరీక్ష బూట్లు వేసుకుని, నూనె పోసిన వాలు మీద నడిపించి చేస్తారు. వట్టి కాళ్లతో తడి నేల మీద పట్టు ఎంతో చెప్పే రేటింగ్ వేరే ఉంది, దాన్ని ఎ, బి, సి అక్షరాల్లో ఇస్తారు. స్నానాల గదికి బి మంచిది. షాపువాడికి అది తెలియకపోతే టైలు కింద పెట్టి నీళ్లు పోసి, చెప్పు విడిచి మీరే పాదంతో రుద్ది చూడండి.

పాత ఇంట్లో టైల్స్ పీకించడం వేరే కథ. పీకితే కింది వాటర్‌ప్రూఫింగ్ కదులుతుంది, అపార్ట్‌మెంట్ అయితే కింది ఫ్లాటువాళ్ల సీలింగు చెమ్మెక్కుతుంది. పైగా గరుకు టైలు మీద బోరునీళ్ల ఉప్పూ సబ్బు జిడ్డూ పేరుకుపోతే, రుద్ది కడగనన్నాళ్లూ అదీ జారుతుంది. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు పాలిషు లేకుండా పరిచిన పాత ఇల్లయితే మీ నేల చాలా కొత్త ఇళ్ల నేలకంటే మంచిది. దాన్ని ముట్టుకోకండి.

పీకకుండా చేసేవాటిలో రబ్బరు మ్యాటు సులువు. అడుగున చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టులు, నీళ్లు పోడానికి రంధ్రాలు ఉన్నది తీసుకుని, కూర్చునే చోట మాత్రమే వెయ్యండి. దాన్ని రోజూ ఎత్తి గోడకి ఆరబెట్టాలి. ఆరబెట్టే మనిషి ఇంట్లో లేకపోతే కొనొద్దు, ఎందుకంటే కింద పాచి పట్టిన మ్యాటు నేలకంటే ఎక్కువ జారుతుంది. గరుకు టేపు బాత్రూమ్ మెట్టు అంచుకి బాగుంటుంది, స్నానం చేసేచోట నిలవదు. టైల్ మీద పూసే రసాయనం కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ పూయించాలి.

వీటన్నిటికంటే నేను వైపర్‌నే నమ్ముతాను. స్నానం చేసినవాళ్లే నీళ్లు లాగి బయటికి రావాలన్న ఒక్క నియమం ఇంట్లో పెట్టండి, పెద్దవాళ్లకి మాత్రం మినహాయింపు. తలంటి రోజున ఇంకా జాగ్రత్త. నూనె, సున్నిపిండి, కుంకుడు రసం మూడూ కలిసిన నేలని నీళ్లు పోసి వదిలేస్తే చాలదు, డిటర్జెంటు వేసి బ్రష్షుతో రుద్దాలి. పండగపూట ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకున్నాక ఆఖరున అమ్మమ్మని పంపకండి, మొదట పంపండి.

కాలికి ఏం వేసుకోవాలన్నదీ ఇక్కడే తేలుద్దాం. అరిగిపోయిన హవాయి చెప్పులు వట్టికాళ్లకంటే ప్రమాదం. వెనక పట్టీ ఉండి అడుగు గాట్లు గాట్లుగా ఉన్న రబ్బరు చెప్పులు బాత్రూమ్‌కి విడిగా ఉంచండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఇంట్లో కూడా వట్టికాళ్లతో తిరగకూడదు. వాళ్లకి డాక్టర్లు రాసే మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులకి వెనక పట్టీ పెట్టించుకుంటే సరిపోతుంది.

హ్యాండిల్స్: స్క్రూలా, సక్షనా

సక్షన్ కప్పులతో గోడకి అతుక్కునే హ్యాండిలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, గోడకి రంధ్రం పెట్టక్కర్లేదు. కానీ టైల్స్ మధ్య సందు మీద పడితే గాలి చొరబడుతుంది. గరుకు టైల్ మీద అసలు నిలవదు. నున్నటి టైల్ మీద కూడా పొద్దున గట్టిగా ఉన్నది సాయంత్రానికి వదులవ్వచ్చు. మనిషి తూలినప్పుడు దాని మీద పడేది పూర్తి బరువు. హ్యాండిలే లేని చోట పెద్దవాళ్లు ఆచితూచి అడుగేస్తారు, ఇది ఉంటే నమ్మి బరువు వేస్తారు. అందుకే వద్దంటున్నాను.

టవల్ రాడ్డుదీ ఇదే సంగతి. తూలినప్పుడు చేతికి మొదట అందేది అదే, గోడలోంచి మొదట ఊడొచ్చేదీ అదే. హ్యాండిల్ పెట్టించేటప్పుడు టవల్ రాడ్డుని తలుపు వెనక్కి మార్పించండి.

స్టీలు హ్యాండిల్ కొనేటప్పుడు చూడాల్సినవి: లావు అంగుళంపావు నుంచి అంగుళన్నర మధ్య ఉండాలి, అంతకంటే లావైతే ముసలి వేళ్లు చుట్టూ మూసుకోవు. పట్టుకునేచోట గాట్లుండాలి, తడి సబ్బు చేతికి నున్నటి స్టీలు ఆనదు. స్క్రూ టైల్ దాటి ఇటుకలోకి దిగాలి. బిగించిన మనిషినే దానికి వేలాడి చూపించమనండి. మొహమాటపడొద్దు, మంచి పనివాడైతే అడక్కుండానే వేలాడి చూపిస్తాడు.

రెండు చాలు. కమోడ్ పక్క గోడకి ఒకటి, స్నానం చేసేచోటికి వెళ్లే దారిలో నిలువుగా ఒకటి. ఎత్తు విషయంలో అమెరికా ప్రమాణం నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు అంటుంది. మన అయిదడుగుల అమ్మకి అది కాస్త ఎక్కువ. అమ్మని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని చెప్పి, చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తే అక్కడ పెన్సిల్‌తో గీత గియ్యండి. ఆవిడ గుడికి వెళ్లినప్పుడు పనివాణ్ణి పిలిచి పని కానిచ్చేస్తే ఆ హ్యాండిల్ టవలు ఆరేసుకోడానికే మిగులుతుంది.

కమోడ్: ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ పొరబడేదీ ఇక్కడే

గొంతుక్కూర్చోవడం మోకాళ్లకి మంచిదని కొందరు, అరవై రాగానే వెస్టర్న్ పెట్టించాల్సిందేనని కొందరు. నా ఉద్దేశంలో, చెయ్యి ఆనించకుండా కూర్చుని లేవగలుగుతున్నంత కాలం ఇండియన్ టాయిలెట్ మానక్కర్లేదు. గోడ పట్టుకుని లేస్తున్నారంటే మాత్రం మార్చే సమయం వచ్చినట్టే. ఇంట్లో రెండు బాత్రూమ్‌లుంటే ఒకటి అలాగే ఉంచి రెండోది మార్చండి.

ఆంగ్లో ఇండియన్ రకమని ఒకటుంది, అంచు వెడల్పుగా ఉండి దాని మీదకెక్కి గొంతుక్కూర్చోవచ్చు, మామూలుగానూ కూర్చోవచ్చు. రెండూ కలిసొస్తాయని కొంటారు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది అన్నిటికంటే చెడ్డ ఎంపిక. తడి పింగాణీ మీదికి అడుగున్నర ఎత్తు ఎక్కి దిగడం డెబ్బై ఏళ్ల మనిషి చెయ్యాల్సిన పని కాదు. అలవాటు కొద్దీ ఎక్కుతారు కూడా.

ఇండియన్ బేసిన్ మీద పెట్టే, మధ్యలో రంధ్రమున్న స్టూలు చవకలో అయిపోయే ఏర్పాటు. నెలా రెండు నెలలకి, ఆపరేషన్ తర్వాత కోలుకునేదాకా బాగానే ఉంటుంది. ఇనుపదైతే కాళ్లు తుప్పుపడతాయి, కాళ్ల కింది రబ్బరు బుష్‌లు అరిగితే జారుతుంది. వారానికోసారి తిరగేసి చూడాలి.

ఇక వెస్టర్న్ ఎత్తు. మామూలు కమోడ్ సీటు 15, 16 అంగుళాల ఎత్తుంటుంది. పెద్దవాళ్ల కోసం అని అమ్మే ఎత్తు రకం 17 నుంచి 19 దాకా ఉంటుంది. ఎత్తయితే లేవడం తేలికే గదా అని అందరూ అదే తీసుకుంటారు. కానీ పొట్టి మనిషికి 19 అంగుళాల సీటు మీద పాదాలు నేలకి ఆనవు. ముక్కడానికి పట్టు దొరకదు, దిగేటప్పుడు ముందుకి జారాలి. కాబట్టి టేపు తీసుకోండి. కుర్చీలో పాదాలు పూర్తిగా నేలకి ఆనేలా కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేలదాకా కొలవండి. సీటు ఆ కొలతకి సమానంగానో ఒక అంగుళం ఎక్కువగానో ఉంటే చాలు. మోకాళ్లు మరీ నొప్పిగా ఉంటే రెండంగుళాలు. ఆరడుగుల నాన్నకి 18 కావాలి, అయిదడుగుల అమ్మకి 16 సరిపోతుంది. ఇద్దరిదీ ఒకే బాత్రూమ్ అయితే అమ్మ కొలతకి కమోడ్ పెట్టించి, నాన్నకి హ్యాండిల్ ఇవ్వండి. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకి ఈ లెక్క చెల్లదు. వాళ్లు డాక్టరు సరేననేదాకా తుంటి మోకాలికంటే కిందకి వెళ్లే ఏ సీటు మీదా కూర్చోకూడదు.

ఉన్న కమోడ్ పీకకుండా పైన తగిలించే ఎత్తు సీట్లు రెండు, నాలుగు, ఆరు అంగుళాల్లో దొరుకుతాయి. పక్కన బిగించే క్లాంపులున్నవే కొనండి, ఊరికే పైన పెట్టేవి కదులుతాయి. కొత్తగా కట్టించేటప్పుడు గోడకి వేలాడే రకం పెట్టించుకుంటే ఎత్తు మన చేతిలో ఉంటుంది, కింద తుడవడం కూడా తేలిక.

మంచం పక్కన పెట్టే కమోడ్ కుర్చీ గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. పెద్దవాళ్లు ఒప్పుకోరు, అదేదో మంచాన పడ్డవాళ్లదని. రాత్రి మూడు నాలుగుసార్లు లేచేవాళ్లకి, మూత్రం ఆపుకోలేక పరిగెత్తేవాళ్లకి మాత్రం దానికి మించింది లేదు. పగలు బాత్రూమ్‌కి, రాత్రి కుర్చీకి అని చెప్పండి, ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పొద్దున్నే శుభ్రం చేసేదెవరో వాళ్ల ఎదురుగానే తేల్చండి. వాళ్ల బాధల్లా అదే.

స్నానం

నాలుగంగుళాల చెక్కపీట మీద కూర్చుంటే కూర్చోవడం సరే, లేవడమే కష్టం. మామూలు ప్లాస్టిక్ స్టూలు ఎండకీ వేడినీళ్లకీ పెళుసెక్కి ఒకరోజు కాలు విరుగుతుంది. వీపుకి ఆనుకునేదీ, చేతులూ, అడుగున రబ్బరు బుష్‌లూ ఉన్న అల్యూమినియం స్నానం కుర్చీ ఈ మొత్తం వ్యాసంలో నేను ధర చూసుకోకుండా కొనమనే వస్తువు. బకెట్‌ని కూడా ఇంకో స్టూలు మీద పెట్టండి. చెంబు ముంచుకోడానికి వంగి లేవడంలోనే తల తిరుగుతుంది. పొడుగు పైపున్న హ్యాండ్ షవర్ ఉంటే ఇంకా మంచిది. గీజర్ 50 డిగ్రీలు దాటనివ్వకండి, బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టాకే వేణ్నీళ్లు కలపాలి. బకెట్‌లో వేసే కరెంటు రాడ్డు పెద్దవాళ్లకి ఒంటరిగా అప్పజెప్పకండి, అంతే.

తలుపు లోపలికి తెరుచుకునేదైతే ఒక ఇబ్బంది ఉంది. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటినుంచి తొయ్యలేం. బందులు మార్పించి బయటికి తెరుచుకునేలా చేయించండి. కుదరకపోతే కనీసం లోపలి గడియ తీయించి, లోపల మనిషున్నారని తెలిసేలా బయట చిన్న పలక తగిలించే అలవాటు చెయ్యండి.

కర్ర, వాకర్

ఒక్క కర్ర తూలు పట్టడానికి, నొప్పి కాలి మీద కొంత బరువు తగ్గించడానికి. నాలుగు కాళ్ల కర్ర తనంతట తాను నిలబడుతుంది, పక్షవాతం తర్వాత ఒక పక్క బలహీనంగా ఉన్నవాళ్లకి నప్పుతుంది, కానీ మెట్ల మీద వెడల్పు చాలదు. రెండు కాళ్లూ బలం లేనివాళ్లకి వాకర్. కొనేముందు బాత్రూమ్ గుమ్మం వెడల్పు కొలవండి. రెండడుగుల పాత గుమ్మంలోంచి చాలా వాకర్లు పట్టవు, సరిగ్గా ఎక్కువ అవసరమైనచోటే దాన్ని బయట వదిలి లోపలికి వెళ్లాల్సి వస్తుంది.

కర్ర ఎత్తు: చేతులు వేలాడేసి నిలబడితే మణికట్టు గీత ఎక్కడుందో పిడి అక్కడికి రావాలి. పట్టుకోవాల్సింది నొప్పి ఉన్న పక్క కాదు, ఎదురు పక్క చేత్తో. కుడి మోకాలు నొప్పయితే ఎడమచేతిలో. దాదాపు అందరూ తిరగేసి పట్టుకుంటారు. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు.

నడకా, యోగానా, కాళ్ల బలమా

రోజూ పార్కులో నాలుగు రౌండ్లు కొడుతున్నాం కదా అంటారు. నడక గుండెకీ షుగర్‌కీ మంచిదే, పడకుండా కాపాడటానికి అదొక్కటే చాలదు. కుర్చీలోంచి లేపేది తొడ కండరాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, కండరాల బలానికి రెండు రోజులు, తూలకుండా నిలబడే సాధనకి మూడు రోజులు కేటాయించమంటోంది.

ఎక్కడున్నారో తెలియాలంటే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే తేలిక పరీక్షొకటుంది. గోడకి ఆనించిన, 17 అంగుళాల ఎత్తు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల మధ్య మగవాళ్లు 12 కంటే తక్కువ, ఆడవాళ్లు 10 కంటే తక్కువ చేస్తే పడే ప్రమాదం ఎక్కువున్నట్టు. చేతులు వాడితే సున్నా. విశేషమేంటంటే పరీక్షే వ్యాయామం కూడా. రోజూ టీవీ సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా అయిదేసి సార్లు లేచి కూర్చోమనండి. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం, మడమ వెనక మడమ వేసి గట్టు పొడవునా నడవడం తూలు తగ్గించడానికి. యోగా క్లాసుకి వెళ్తుంటే నిలబడి చేసే ఆసనాలు మానకండి, పడుకుని చేసేవి మాత్రమే చేస్తే ఈ లాభం రాదు.

మందుల పెట్టె కూడా ఒకసారి చూడండి. నిద్రమాత్ర, బీపీ మాత్ర, ప్రొస్టేట్ మాత్ర, ఒంటి నీరు తీసే మాత్ర, ఏదైనా లేవగానే తల తిప్పొచ్చు. సొంతంగా ఆపకండి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూసి, పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకి చూపించండి. మాత్ర వేళ మారిస్తేనే కొందరికి సర్దుకుంటుంది.

అద్దె ఇల్లయితే

గోడ తొలవనివ్వని ఓనరు ఇంట్లో ఉంటే దారి వేరు. కమోడ్‌కి రెండు పక్కలా చేతులతో నేల మీదే నిలబడే ఇనుప ఫ్రేములు దొరుకుతాయి, కమోడ్‌కే బిగుస్తాయి, గోడతో పనిలేదు. స్నానం కుర్చీ, క్లాంపుల ఎత్తు సీటు, ప్లగ్గు సెన్సర్ లైట్లు ఇల్లు మారినా మీతోనే వస్తాయి. అయినా నిలువు హ్యాండిల్‌కి మాత్రం వీటిలో ఏదీ ప్రత్యామ్నాయం కాదు. ఖాళీ చేసేటప్పుడు వైట్ సిమెంటుతో రంధ్రాలు పూడ్పించి వెళ్తామని చెప్పి అడగండి. ఓనరుకీ ఇంట్లో అమ్మానాన్నలుండే ఉంటారు, ఎక్కువసార్లు సరేనంటారు.